నీళ్ళలో మిడత

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేవాణ్ణి. అప్పట్లో హిందూపురంలో హైస్కూలు సైన్సు మాస్టరును. కళ్ళతో చూడనిదే ఏదీ ఒప్పుకునే రకం కాదు, ఇప్పటికీ కాదు. అయినా ఈ సంగతి చెప్పకుండా పోలేను.

అరవైల మొదట్లో మాట. మా అక్క ధర్మవరంలో ఉబ్బసంతో మంచం పట్టింది. తల్లిలేని నన్ను పెంచిందీ, మగ్గం నేసి చదివించిందీ ఆమే. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. శనివారం ఒంటిపూట బడి కాగానే పెనుకొండ మీదుగా రైల్లో వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

ఆ శనివారం పదకొండు గంటలకు క్లాసులో మిడతను కోశాను. పిల్లలు శనక్కాయ చేలో పట్టి తెచ్చిన పెద్ద మిడత. క్లోరోఫాం దూదితో చంపి, మైనం పోసిన ట్రేలో గుండుసూదులతో గుచ్చి, మునిగేదాకా నీళ్ళు పోశాను. నీళ్ళలో అయితే లోపలి భాగాలు తేలి విడివిడిగా కనిపిస్తాయి. మిడత నోటితో ఊపిరి పీల్చదని, పొట్ట పక్కలనున్న సన్నని రంధ్రాలతో పీలుస్తుందని చెబుతూ వీపు చీల్చాను. పేగు తీసి పక్కన పెట్టాను.

ఖాళీ పొట్ట కదలడం మొదలైంది.

"ఇంగా ఊపిరి తీస్తాండాది సార్," అంది ముందు వరుసలో అమ్మాయి.

చచ్చిన పురుగు నరాల వల్ల కాసేపు కదలొచ్చు. అందుకని నరాల తాడు కూడా కత్తిరించాను. ఆగలేదు. రెండు పొట్టి ఊపిర్లు, కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక పెద్ద ఎగశ్వాస. చిన్నప్పుడు అక్క పక్కలో పడుకుని రోజూ విన్న వరుస అది. నీళ్ళు పారబోద్దామనుకున్నాను. పిల్లల ముందు పరువు పోతుందని, "బాగా చూసి రాసుకోండి" అన్నాను. బెల్లు కొట్టేదాకా అందరం చూశాం.

ధర్మవరం చేరేసరికి బావ గుమ్మంలోనే ఉన్నాడు.

"పదకొండు గంటల కాణ్ణించి నీళ్ళలోంచి తీయండని ఒకటే మాటప్పా. పక్కంతా తడిమి చూస్తి. పొడిగానే ఉండాది."

నేను దగ్గర కూర్చుంటే అక్క కళ్ళు తెరిచింది.

"నువ్వు ఆడనే ఉంటివి గదరా. చూస్తానే ఉంటివి."

మళ్ళీ మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు పోయింది.

ఆ క్లాసు సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి వ్యవధే లేదు. ఎలా తెలిసిందో ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆమె అన్నది మాత్రం నిజం. నేను చూస్తూనే ఉన్నాను.