‘పోతాండా’ అన్న మాట

మొన్న ఉదయం మా మనవరాలు కాలేజీ బస్సుకు ఆలస్యమవుతోందని చెప్పులు సగం తొడుక్కుంటూనే "పోతున్నా నానమ్మా" అని కేకేసి వీధిలోకి పరిగెత్తింది. మా కోడలు దానికేసి తల తిప్పనైనా లేదు, బస్సు ఎక్కడుందో ఫోనులో చూసుకుంటోంది. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే పోయి గుమ్మాన్ని పట్టుకుంది. మా ఈడువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. ఇంట్లోంచి బయలుదేరేవాళ్ళు "పోతా" అనకూడదు, "పోయొస్తా" అనాలి, నోరు జారితే పెద్దవాళ్ళు వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, ఇన్ని మంచినీళ్ళు తాగించి, సరిగ్గా చెప్పించి మరీ పంపేవాళ్ళు. ఆ మర్యాద చాటున ఒక జబ్బు ఏళ్ళ తరబడి దాక్కుని ఉండగలదని పుంగనూరులో మా మేనత్తను చూసేదాకా నాకూ తెలియదు.

డెబ్బైలలో నేను మదనపల్లెలో నర్సు శిక్షణలో కొత్తగా చేరిన రోజుల్లో, మా నాన్న పుంగనూరు సంతలో పని చూసుకుని, అక్క ఇంట్లో భోంచేసి, మదనపల్లె బస్సు దాటిపోతుందన్న తొందరలో వీధిలోంచే "పోతాండాక్కా" అని అరిచి వెళ్ళిపోయాడు. అత్త గంజి వారుస్తోంది, వెనక్కి పిలుద్దామని కుండ దించి బయటికొచ్చేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు. ఆ బస్సును దారిలో లారీ గుద్దింది, ఆయన మళ్ళీ రాలేదు. మా అమ్మ ఏడ్చి ఏడ్చి కొన్నాళ్ళకు తేరుకుంది. అత్త ఏడవలేదు, ఆ రోజు నుంచి గుమ్మానికి కాపలా కూర్చుంది.

మొదట్లో అది ఎవరికీ వింతగా కనిపించలేదు, అందరిళ్ళలోనూ ఉన్న అలవాటే కదా. కానీ అత్తకు ఒకసారి చెబితే చాలేది కాదు. గొంతు తడబడితే మళ్ళీ, ఎవరైనా తుమ్మితే మళ్ళీ, చెబుతుండగా తన మనసులో తమ్ముడి మొహం మెదిలితే మళ్ళీ, కూర్చోవడం, నీళ్ళు, "పోయొస్తా". మామ జవుళి అంగడి పొద్దెక్కాక గానీ తెరుచుకునేది కాదు, ఆయన పొట్టలో నీళ్ళు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేవి. ఇక తాను బయటికి వెళ్ళడమా, ఆ ఊసే లేదు. అరుగు దిగితే గుండె దడదడలాడి, ఊపిరందక, ఇదే ఆఖరని కుప్పకూలిపోయేది. వీధిలో వాళ్ళేమో "గడప దాటని ఇల్లాలు" అని ఆమెను మెచ్చుకునేవాళ్ళు. ఊరంతా మెచ్చుకునే జబ్బుకు మందు అడగడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పండి?

ఎనభైలలోకి వచ్చాక కుప్పంలో కాపురముంటున్న వాళ్ళ కూతురు, అంటే మా వదిన, మళ్ళీ నెల తప్పింది. అంతకుముందు కడుపు నిలవక చాలా బాధపడిన మనిషి కాబట్టి మంచం దిగకూడదనీ, బస్సెక్కి పుట్టింటికి వెళ్ళే ఆలోచనే పెట్టుకోవద్దనీ అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. పురుడు వేళకు అమ్మ పక్కనుంటే చాలునని వదిన చెప్పి పంపింది. ఆ కబురు విని అత్త అరుగు చివరిదాకా వచ్చి, వణికిపోతూ వెనక్కి తిరిగి, తలుపు మూసుకుని మొదటిసారి బావురుమని ఏడ్చింది.

అప్పటికి నేను నర్సుగా పనిచేస్తున్న మదనపల్లె ఆసుపత్రికి, బెంగుళూరులో చదువుకున్న మనసు జబ్బుల డాక్టరమ్మ ఒకావిడ వారానికోసారి వస్తుండేది. ఇలాంటి భయాలకు మాత్రలు మేలా, భయపడే చోటికే మనిషిని తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టడం మేలా, రెండూ కలిపితే ఎలా ఉంటుందన్న పరిశోధన ఆ రోజుల్లో అక్కడ నడుస్తోందని మాకు చెప్పేది. నేను బతిమాలితే ఆవిడే జీపులో పుంగనూరు వచ్చింది. బయటికి వెళ్ళలేని మనిషని విని వచ్చింది కాబట్టి ఆ సంగతులే అడిగి, లేచి "సరే, పోతానమ్మా" అంది. అత్త ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. కూర్చోబెట్టింది, నీళ్ళిచ్చింది, మళ్ళీ కూర్చోబెట్టింది, మళ్ళీ ఇచ్చింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను గానీ డాక్టరమ్మ విసుక్కోకుండా తాగుతూ అత్త మొహమే చూస్తూ ఉంది. జీపెక్కాక, వీధి భయం పైకి కనిపించేదేననీ, దాని వేరు ఆ మాటలో ఉందనీ అంది.

మాత్రలు మొదలుపెట్టాక అత్త నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, పగలంతా మత్తుగా జోగేది. మామ ఆపేద్దామన్నాడు. కొన్ని వారాలు ఓపిక పట్టాక అత్తే ఒకనాడు "భయం వస్తాండాది పాపా, కానీ ముందు మాదిరి గొంతు పట్టుకోవడంలే" అంది. డాక్టరమ్మ దానికోసమే కాచుకుని ఉన్నట్టుంది, అసలు వైద్యం అప్పుడు మొదలుపెట్టింది. ఇంట్లో వాళ్ళు "పోతా" అనే వెళ్ళాలి, అత్త వెనక్కి పిలవకూడదు, భయం దానంతటదే దిగేదాకా అలాగే కూర్చోవాలి. మాకు ఇంకో కట్టడి కూడా పెట్టింది, "ఏంగాదులే" అనకూడదు. ఆ మాట అనకుండా మా ఇళ్ళలో ఎవరైనా ఎవరినైనా ఓదార్చగలరా? అది కూడా అత్తకు మంచినీళ్ళలాంటిదేనట, ఒక గుక్క ఇస్తే ఇంకో గుక్క అడుగుతుందట.

మామ పెరట్లోకి వెళుతూ "పోతా" అన్నాడు, తరవాత అంగడికి వెళుతూ అన్నాడు. అత్త పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆఖరున నా వంతు వచ్చింది. తమ్ముడి పోలికలే ఉన్న తమ్ముడి కూతురు, అదే వీధిలోంచి, అదే మాట అని, అదే దారిన మదనపల్లె బస్సెక్కాలి, చేరానని కబురు కూడా పంపకూడదు. ఆ రోజు నా నాలుక నాకే ఎదురు తిరిగింది. "పోతాండానత్తా" అన్నాను. అత్త రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది, వెనక్కి పిలవలేదు. మలుపు దాకా నా వీపు మీద ఆమె చూపు తగులుతూనే ఉంది. బస్సులో ఎదురొచ్చిన ప్రతి లారీకీ నేను కళ్ళు మూసుకున్నాను. నర్సమ్మనైతే మాత్రం నాకు ప్రాణం తీపి కాదా? మరుసటి వారం వెళ్ళేసరికి అత్త అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నన్ను చూసి నవ్వలేదు, "ఆ రోజు సచ్చి బతికినా" అంది. ఆ తరవాతే వీధి చివరి దాకా, సంత దాకా, బస్టాండు దాకా నడిచింది.

వదినకు నెలలు నిండాయి. అత్తకు తోడుగా నేనూ కుప్పం బయలుదేరే రోజు మామ అలవాటు కొద్దీ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అత్త ఆ గ్లాసు వంక చూసి, కళ్ళు తిప్పుకుని, "పోతాండా" అని అరుగు దిగింది. పాపం ఆయన ఏం చెయ్యాలో తెలియక ఆ నీళ్ళు తానే తాగేశాడు.

పలమనేరులో దిగి కుప్పం బస్సు ఎక్కాలి. కుప్పం బస్సు పక్కనే పుంగనూరు బస్సు కూడా ఇంజను ఆడిస్తూ నిలబడి ఉంది. అత్తకు చెమటలు పట్టేశాయి, ఊపిరి ఎగపోస్తోంది, కాళ్ళు పుంగనూరు బస్సు వైపు తిరిగాయి. అది ఎక్కితే మళ్ళీ ఎప్పటికీ గడప దాటదని నాకు తెలుసు. నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని "ఏంగాదు గదా పాపా? బిడ్డకేం గాదు గదా? ఒక్క మాట సెప్పు" అంది. ఆ ఒక్క మాట నా గొంతులోనే ఉంది.

"తెలీదత్తా" అన్నాను.

ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను, అంత కోపం ఆమె కళ్ళలో అంతకుముందెప్పుడూ చూడలేదు. కండక్టరు కుప్పం, కుప్పం అని అరుస్తున్నాడు. కాసేపటికి పట్టు సడలింది. "నాకూ తెలీదు" అని గొణిగి, కొంగుతో మొహం తుడుచుకుని, నాకంటే ముందు కుప్పం బస్సెక్కి కూర్చుంది. వి.కోట దాటేసరికి కిటికీ పక్కన చోటడిగి పొలాలు చూసింది. వదినకు ఆడపిల్ల పుట్టినప్పుడు పురిటి గది గుమ్మంలో ఉన్నది మా అత్తే.

ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఆఖరుసారి చూడ్డానికి వెళ్ళి, లేస్తూ, ఎందుకో నోటికి అలవాటైన మాటే వచ్చి "పోయొస్తా అత్తా" అన్నాను. మంచంలోంచే నవ్వి, "పోతాండానని సెప్పు పాపా, వచ్చేది మన సేతిలో యాడుండాది" అంది. మళ్ళీ నేను వెళ్ళేసరికి ఆమె లేదు.

మొన్న సాయంత్రం మనవరాలి బస్సు ఫోనులో ఎక్కడో ఆగిపోయి కనిపించిందట. ఫోను చేస్తే పిల్ల ఎత్తడం లేదు. కోడలు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, ఫోనులో అదే బస్సు బొమ్మను మళ్ళీ మళ్ళీ తాకి చూస్తూ, "ఏం కాదు కదా అత్తా?" అంది. మా రోజుల్లో ఇంటి మనిషి మలుపు తిరిగితే మళ్ళీ కనిపించేదాకా ఓర్చుకోవడం తప్ప దారి లేదు, ఆ ఓర్పు ఇప్పుడెవరికీ అవసరం లేదనుకున్నారు కాబోలు, నేర్పేవాళ్ళూ పోయారు. "ఏం కాదులే" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదమ్మా, రా, కూర్చో" అన్నాను. అచ్చం పలమనేరు బస్టాండులో మా మేనత్త చూసినట్టే చూసింది కోడలు. ఆమె ఫోను పక్కన పెట్టేదాకా నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను, ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం.