సూరమ్మ ఎదురొచ్చింది

ఐనార్ నార్వే నుంచి వచ్చిన లాయరు. జురాంగ్‌లో ఓడల లంగర్లు ఎత్తే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి నష్టాల్లో ఉంటే, దాన్ని చట్టప్రకారం మూయించి రమ్మని యజమానులు ఆయన్ని సింగపూరు పంపారు. మూయించడానికి వచ్చినవాడు కాస్తా, ఒక్క ఏడాది నాకు వదిలేయండి, నేను నడిపి చూపిస్తానన్నాడు. కొరివితో తల గోక్కుంటున్నాడని నార్వేలో, ఓస్లో ఆఫీసులో అందరూ నవ్వారు. పనివాళ్ళ మీద జాలితో ఆగిపోయాడని కొందరు, ఆఫీసులో టైపు చేసే అరుంధతి కోసం ఆగిపోయాడని కొందరు అన్నారు. రెండూ నిజమే. ఫ్యాక్టరీ నిలబడింది, అరుంధతితో పెళ్ళీ అయింది.

అరుంధతి తల్లి సూరమ్మకి జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటుంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. భర్త తంజోంగ్ పగార్ రేవులో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడు. ఫ్యాక్టరీకి దగ్గరని కూతురూ అల్లుడూ ఆ ఇంట్లోనే కాపురం పెట్టారు. అంత కంపెనీని నడిపేవాడు ఇల్లరికం ఉండడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకుంటేగా! తెలుగు కూడా నేర్చుకున్నాడు. కాకపోతే నేర్పింది సూరమ్మ తమ్ముడు యర్రయ్య, అదే ఫ్యాక్టరీలో వెల్డరు. అందుకని దొరగారి నోట పలికేది అచ్చమైన శ్రీకాకుళం తెలుగు.

సూరమ్మ అల్లుడికి చేపల పులుసు వండేది, చొక్కాలు ఇస్త్రీ చేసేది. పొద్దున్నే ఆయన బూట్లు తొడుక్కునే చప్పుడు వినగానే మాత్రం వంటింట్లో దూరి తలుపు వేసుకునేది. లిఫ్టు కిందికి దిగాక బయటికొచ్చి, వరండా పిట్టగోడ పట్టుకుని, ఆయన కారు మలుపు తిరిగేదాకా చూసేది. వెనకనుంచి చూస్తే దోషం లేదుగా! విధవ ఎదురైతే వెళ్ళిన పని చెడుతుందని తల్లి చెప్పింది, ఆమె నమ్మింది. ఆ పిచ్చితల్లికి అల్లుడంటే ప్రాణం. అరుంధతి ఇదంతా పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి, మొగుడికి చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచనే లేదు. నేనంటే అత్తగారికి గిట్టదు కాబోలని ఆయన ఏళ్ళ తరబడి లోలోపల కుమిలిపోయాడు.

ఇంతలో రెండువేల సంవత్సరం వచ్చింది. ఎవర్ని కదిలించినా ఇంటర్నెట్టు, సాఫ్ట్‌వేరు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు ఐనార్ ఒక్కడే ఇంకా ఇనుము అంటున్నాడు. ఫ్యాక్టరీ అమ్మేసి ఆ డబ్బు కంప్యూటర్ల కంపెనీలో పెడతామన్నారు యజమానులు. ఆఖరిసారి వాళ్ళతో వాదించడానికి ఆయన ఓస్లో బయల్దేరాడు.

ఆ ఉదయం బూట్లు తొడుక్కున్నాడు, పెట్టె అందుకున్నాడు, గడప మాత్రం దాటలేదు. వెనక్కి వచ్చి వంటింటి తలుపు ముందు నిలబడ్డాడు.

“అత్తా, నానేటి తప్పు సేసినాను? నా మొకం సూడ్డానికి నీకెందుకంత కోపం?”

“అత్తగారిని ‘మీరు’ అనాలండీ,” అంది అరుంధతి అలవాటుగా.

లోపల సూరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. “కోపమా? అయ్యో నా బాబే! మొగుడు పోయినదాన్ని. నానెదురొస్తే మీ పని సెడిపోతాదని దాక్కుంతన్నాను.”

ఐనార్‌లోని లాయరు నిద్రలేచాడు.

“నీ పెనిమిటి పోనాడు. నష్టపోయింది నువ్వు. శిక్ష కూడా నీకేనా? ఎవుడిచ్చినాడు ఈ తీర్పు? తలుపు తీసి ఎదురు రా.”

“వొద్దు బాబూ. రేపు ఫ్యాక్టరీ పోతే? మా యర్రయ్య, ఆడితోపాటు అంతమంది...”

“పోతే నాను ఓడిపోనట్టు. తప్పు నీ మీద ఎట్టను.”

తలుపు తెరుచుకుంది. సూరమ్మ లిఫ్టు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అల్లుడికి ఎదురుగా నడిచొచ్చింది. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి ఫోనొచ్చింది. యజమానులు వినలేదు, ఫ్యాక్టరీ మూతపడుతోంది. సూరమ్మ ఆ రోజు నుంచి అన్నం సరిగా ముట్టలేదు. పచ్చగా ఉన్న పనివాళ్ళ నోట్లో మట్టి కొట్టానని ఏడ్చింది. అరుంధతి ఎంత చెప్పినా వినలేదు. అల్లుడు తిరిగొచ్చే వేళకి మళ్ళీ వంటింట్లో దూరి తలుపు వేసుకుంది.

ఈసారి ఐనార్ తలుపు తోసుకుని లోపలికే వచ్చాడు. పీట మీద కూలబడ్డాడు.

“ఓడిపోనాను అత్తా.”

“సెప్పినాను కదా బాబూ, మీరు ఇన్నేదు.”

“ఆళ్ళు ఆళ్ళ డబ్బు సూసుకున్నారు. నీ మొకం ఆళ్ళకేటి తెలుసు?” అని ఆయన తల దించుకున్నాడు. “రేపు పొద్దున్న అందరికీ నానే సెప్పాల. యర్రయ్య మొకం సూసి సెప్పాల. నాకు కాళ్ళాడ్డం నేదు. రేపు కూడా ఎదురొస్తావా?”

సూరమ్మ కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలో అన్నం పెట్టి ఆయన ముందుంచింది. “ముందు మకాన్ సెయ్యండి,” అంది, తినమని మలయ్ మాట కలిపి.

మర్నాడు ఐనార్ బూట్లు తొడుక్కుని చూస్తే వంటింట్లో ఎవరూ లేరు. సూరమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, లిఫ్టు దగ్గర అల్లుడి కోసం నిలబడి ఉంది.