మీటర్ రీడర్ మడిచిన కుక్కలు

తొంభైల మధ్యలో తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో, కౌన్సెలింగ్ కేంద్రంలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాను. మందులు రాసే అధికారం మాకు లేదు. మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేయడమే మా పని. ఆ వానాకాలంలో యాదగిరి వచ్చాడు.

ఉండేది సీతాఫల్‌మండిలో, కరెంటు మీటర్ రీడర్. తార్నాకలో ఒకరింట్లో మీటర్ చూస్తుంటే కుక్క కరిచింది. పిక్క మీద గాయం మానింది కానీ, కుక్క ఉన్న ఇంటి గేటు దాటలేకపోతున్నాడు. బయటే నిలబడి అందాజాగా అంకెలు రాస్తున్నాడని పైఅధికారికి తెలిసింది. ఇంకోసారి అలా చేస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు.

ఏ కుక్క అని అడిగాను.

"అల్సేషన్ మేడం. గింత ఎత్తున్నది," అని నడుము దాకా చెయ్యి చూపించాడు.

ఇలాంటి భయానికి మెట్ల పద్ధతి వాడతాం. తక్కువ భయపెట్టేదానితో మొదలుపెట్టి, అలవాటయ్యాక పైమెట్టుకు వెళ్లాలి. మామూలుగా ఫోటోలు చూపిస్తాం. యాదగిరి మాత్రం కుక్క ఫోటో కనబడగానే తల తిప్పేసుకునేవాడు. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒక జపాన్ అమ్మాయి నాకు ఒరిగామి నేర్పింది. కత్తెర, జిగురు లేకుండా చదరపు కాగితాన్ని మడిచి బొమ్మ చేసే విద్య అది. మడవాలంటే చూడక తప్పదు. అందుకే ఫోటోలకు బదులు కాగితాలు ముందు పెట్టి, మెట్టుకో కుక్కను మడవమన్నాను.

కింది మెట్టు పొమేరియన్, చిన్న బొచ్చుకుక్క. బొచ్చు కోసం సన్నని మడతలు చాలా పెట్టాలి. "గిది తర్వాత చేస్తా మేడం," అని పక్కన పెట్టాడు. మడతలు కష్టమనుకున్నాడని వదిలేశాను. డాషండ్ పొడుగు నడుము, లాబ్రడార్ వేలాడే చెవులు, డాబర్‌మన్ నిక్కిన చెవులు, అన్నీ కుదిరాయి. చివరికి అల్సేషన్‌ను మడిచి, మడతలను గోటితో గీరి, చెవులు పదునుగా తీసి, బల్ల మీద నిలబెట్టాడు. మెట్లన్నీ ఎక్కాడనుకున్నాను. మరుసటి వారం మళ్లీ గేటు దగ్గరే ఆగిపోయాడు.

పొమేరియన్ కాగితం మళ్లీ ఇచ్చాను. రెండో మడతకే కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"నన్ను కరిచింది గిదే మేడం. పిల్లి అంత ఉంటది. ఆఫీసుల చెప్తే నవ్వుతరని అల్సేషన్ అన్న."

నేను నవ్వలేదు. మెట్లు తిరగరాసి పొమేరియన్‌ను పైన పెట్టాను. అది పూర్తి చేయడానికి చాలా సిట్టింగులు పట్టాయి. ఆ తర్వాత క్యాంపస్ క్వార్టర్స్‌లో ఒక సహోద్యోగిని తను పెంచే పొమేరియన్‌ను గొలుసుతో పట్టుకోమని, యాదగిరిని దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి నడిపించాం. ఒకరోజు అది యాదగిరి చెయ్యి వాసన చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చివరి మెట్టు కుక్క కరిచిన ఇల్లే. నేనూ వెంట వెళ్లాను. యాదగిరి బెల్లు కొట్టి, "అమ్మా, జర కుక్కను కట్టేస్తరా? మీటర్ చూడాలె," అన్నాడు. ఇంటావిడ కట్టేసింది. అది మొరుగుతూనే ఉంది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయినా, మీటర్ ముందు నిలబడి అంకెలు పైకి చదువుతూ రాసుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

భయం కుక్క ఎత్తును బట్టి ఉండదు, జరిగినదాన్ని బట్టి ఉంటుంది. సిగ్గు ఉన్నచోట మనిషి జరిగినదాన్ని మార్చి చెబుతాడు. ఆ తర్వాత నేను ఎవరికి మెట్లు రాసినా, చెప్పినదానితో పాటు పక్కన పెట్టేసినదాన్ని కూడా చూసి రాశాను.