ఎక్కనివాళ్ల కోసం వచ్చిన ఆఫీసరమ్మ

నా చిన్నప్పుడు మా ఊరికి రోజుకు ఒకే బస్సు వచ్చేది. మా ఊరంటే మణుగూరు దాటాక అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లె. వచ్చేదంటే ఊళ్లోకి వచ్చేది కాదు. వాగు దగ్గర రోడ్డు అయిపోయేది కాబట్టి అవతలి ఒడ్డునే ఆగిపోయేది. బాగా పొద్దెక్కాక ఎర్రదుమ్ము లేపుకుంటూ వచ్చి, అక్కడే వెనక్కి తిరిగి, కాసేపు నిలబడి, హారన్ కొట్టి వెళ్లిపోయేది. ఆ హారన్ వినబడగానే పిల్లలమంతా వాగు దాకా పరుగెత్తేవాళ్లం. ఎక్కడానికి కాదు, చూడటానికి. పెద్దవాళ్లలోనూ ఎక్కేవాళ్లు తక్కువే. చాలా రోజులు అది ఖాళీగా వచ్చి ఖాళీగానే వెళ్లేది.

అయినా అది మా బస్సు. చుట్టుపక్కల గూడేలకు లేని బస్సు మాకుందని గర్వంగా ఉండేది. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా మా ఊరికి బస్సుందని ఒక మాట అనేవాళ్లు. అందుకే ఒక ఎండాకాలం కండక్టరు వచ్చి, ఈ బస్సుకు జనం లేరని డిపోలో అనుకుంటున్నారనీ, ఎవరో ఆఫీసరు వచ్చి చూసి అక్కర్లేదంటే తీసేస్తారనీ చెప్పేసరికి ఊరంతా ఉలిక్కిపడింది.

మేం సర్పంచ్ తాత అని పిలిచే పెద్దమనిషికి వెంటనే ఒక ఉపాయం తోచింది. ఆఫీసరు వచ్చే ముందురోజు ఇంటింటికీ తిరిగాడు. "రేపు పనులన్ని ఆపుండ్రి. ముసలోళ్లు, పిల్లలు, అందరు బస్సెక్కాలె. బస్సు నిండుగ కనవడాలె. మలుపు దాటినంక దిగి నడుసుకుంట వద్దాం," అన్నాడు. అది మోసమని ఎవరికీ అనిపించలేదు. ఉన్న ఒక్క బస్సును కాపాడుకుంటున్నాం అనుకున్నారంతే. నేనైతే అప్పటిదాకా బస్సు ఎక్కిందే లేదు. మా అమ్మ పెట్టెలోంచి పండగ గౌను తీసి వేసింది. పొద్దున అన్నం కూడా సరిగా తినలేదు నేను.

మా నాయనమ్మకు మాత్రం ఆ సంబరమేమీ లేదు. ఆ ఏడాది ఆమెకు కళ్లు మసకబారాయి. ఒక కంటికి దాదాపు ఏమీ కనిపించేది కాదు, రెండోదానికీ పొగ పట్టినట్టు అయ్యింది. ఆమెను చేయి పట్టుకుని తిప్పడం నా పని. అంతకుముందు మా నాన్న ఆమెను ఆ బస్సులోనే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు వారానికి ఒక్క పూటే కూర్చునేవాడు. వీళ్లు మణుగూరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి ఆ పూట అయిపోయింది. తిరిగి వచ్చే బస్సు లేక ఎవరి అరుగు మీదో పడుకుని మర్నాడు ఇల్లు చేరారు. ఇంకోసారి వెళ్లినా అంతే అయ్యింది. ముందురోజే వెళ్లి ఉందామంటే చేలో పని వదిలి నాన్నకు కుదరలేదు, ఆమె ఒంటరిగా వెళ్లలేదు. ఆ తర్వాత నాయనమ్మ బస్సు పేరెత్తడమే మానేసింది.

ఆ రోజు ఊరంతా పండక్కి బయల్దేరినట్టు వాగు దాటింది. వాగులో చీలమండలు తడిసేటన్ని నీళ్లే ఉన్నాయి. ఆఫీసరంటే ప్యాంటూ చొక్కా వేసుకున్న మగమనిషి జీపులో వస్తాడనుకున్నాం. మా బస్సులోంచే ఒక బక్కపల్చటి ఆడమనిషి దిగింది. నేత చీర, చేతిలో గొడుగు. సర్పంచ్ తాత దండం పెట్టి ఆమెను మళ్లీ బస్సులోకి తీసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె కళ్లముందే మలుపు దగ్గర ఎట్లా దిగుతామన్నది ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు. జనం ఎగబడి ఎక్కారు. నేను నాయనమ్మ చేయి పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లాను. మెట్టు చాలా ఎత్తు. ఆమె కాలు లేవలేదు. పైనుంచి ఒకరు, కిందినుంచి ఒకరు సాయం పట్టినా మోకాలు సహకరించలేదు.

"నన్నిడువుండ్రి, నేనీడ్నే కూసుంట," అంది నాయనమ్మ.

"బిడ్డా, అవ్వనొక్కదాన్నే ఇడిసిపెట్టకు, నువ్వు గూడ ఉండు," అని అమ్మ కిటికీలోంచి కేకేసింది.

పండగ గౌనులో నిలబడి బోరున ఏడ్చాను. బస్సు కదలబోతోంది. అప్పుడే ఆ ఆఫీసరమ్మ లేచి, కండక్టరుతో ఏదో అని, చప్పున కిందికి దిగింది. సర్పంచ్ తాత కిటికీలోంచి చేతులూపుతూ పిలుస్తున్నాడు. బస్సు మా ఊరినంతా ఎక్కించుకుని, చూడాల్సిన మనిషిని మాత్రం రోడ్డు మీద వదిలేసి వెళ్లిపోయింది.

ఆమె మా దగ్గరికి వచ్చి బండ మీద కూర్చుంది. గొడుగు తెరిచి నా చేతికిచ్చి, "అవ్వకు నీడ పడేట్టు పట్టుకో," అంది. అంత పెద్ద గొడుగు పట్టుకోవాల్సి వచ్చేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

"మెట్టు ఎత్తుగా ఉందా అమ్మా?" అని నాయనమ్మను అడిగింది.

"మెట్టు ఒక్కటే కాదు బిడ్డా. ఎక్కినా ఏం లాభం? డాక్టరు లేసిపోయినంక దింపుతది గీ బస్సు."

తర్వాత ఆమె అడుగుతూ పోయింది, నాయనమ్మ చెబుతూ పోయింది. అరుగు మీద పడుకున్న సంగతి, ఇప్పుడు నా మొహం కూడా సరిగా ఆనడం లేదన్న సంగతి. ఆ చివరి మాట నాకు అప్పటిదాకా తెలియదు. పక్కనే నిలబడి విన్నాను. ఆఫీసరమ్మ మధ్యలో అడ్డు రాలేదు, అయ్యో అని కూడా అనలేదు. అంత శ్రద్ధగా మా నాయనమ్మ మాట విన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

చాలాసేపటికి మలుపు దగ్గర దిగిన జనం చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చారు. సర్పంచ్ తాత ముందుకొచ్చి, "బస్సు నిండింది, సూసిన్రు గదమ్మా," అన్నాడు.

"చూశానయ్యా. ఒక్కరి చేతిలో కూడా సంచి లేదు," అందామె.

అందరూ తలలు దించుకున్నారు. ముందుగా ఆమే నవ్వింది. "బస్సెక్కినవాళ్లను లెక్కపెట్టడానికి కండక్టరున్నాడు. ఎక్కనివాళ్లను చూడటానికే నేనొచ్చాను. మీకు నిజంగా ఎప్పుడు, ఎక్కడికి పోవాల్సి ఉంటుందో చెప్పండి," అంది.

మొదట మిరపకాయలు ఏరడానికి కూలికి వెళ్లే ఒక అక్క, "మేం కోడి కూయంగనే పోవాలె. గీ బస్సు కోసం కూసుంటే పనిల వెట్టుకోరు," అంది. పెద్దబడికి వెళ్లే పిల్లల తండ్రి, బడి మొదలయ్యాక గానీ ఈ బస్సు చేరదన్నాడు. అందరికంటే వెనక నిలబడ్డ ఒకాయన, పోయిన వానల్లో నొప్పులొచ్చిన కోడలిని మంచం మీద వాగు దాటించామని మెల్లగా చెప్పి, తర్వాత ఏం జరిగిందో చెప్పలేక ఆగిపోయాడు. ఆయన కోడలు తిరిగి రాలేదని మాకందరికీ తెలుసు. ఆఫీసరమ్మకు కూడా అర్థమైంది. గర్వంగా చెప్పుకునే మా బస్సు నిజానికి మాలో ఎవరికీ అక్కరకు రాలేదని ఊరు మొదటిసారి పైకి అనుకున్నది ఆ ఒడ్డునే.

"ఇప్పుడు మీరెట్ల పోతరమ్మా? బస్సు మళ్ల రేపే," అన్నాడు సర్పంచ్ తాత.

"మీరెట్లా పోతారో అట్లాగే," అందామె.

సాయంత్రం ఎడ్లబండి కట్టి పెద్ద రోడ్డు దాకా దింపి వచ్చారు. బస్సు తీసెయ్యరని మాటిమ్మని అడిగితే, అది తన చేతిలో లేదనీ, విన్నది విన్నట్టు చెబుతాననీ మాత్రమే అందట.

ఆ తర్వాత కొన్నాళ్లకు బస్సు రావడం ఆగిపోయింది. ముసలామె నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేదని ఊళ్లో కొందరు మా ఇంటి ముందే అన్నారు. వానలు పడి వాగు నిండి తగ్గింది. ఒకరోజు ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే హారన్ వినబడింది. ముగ్గు వేస్తున్న మా అమ్మ పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. బస్సు వేళ మారింది. పొద్దున్నే తీసుకెళ్లి, చీకటి పడేలోపు దింపేలా పెట్టారు. వాగు మీద వంతెన మాత్రం నేను పెద్దదాన్నయ్యాక గానీ పడలేదు. ఎత్తు మెట్టు కోసం ఊరివాళ్లే బస్సాగే చోట రాళ్లు పేర్చి, మట్టి కొట్టి ఒక గద్దె కట్టారు. అందులో అందరికంటే ఎక్కువ రాళ్లు మోసింది, నాయనమ్మను తిట్టినవాళ్లే.

నాయనమ్మ ఆ గద్దె మీదినుంచి బస్సెక్కి డాక్టరు కూర్చునే వేళకు చేరింది. ఆపరేషను అయ్యి కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని వచ్చింది. ఒక కన్ను దక్కింది. రెండోది అప్పటికే చేయి దాటిపోయిందట, కొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడట డాక్టరు. నాన్న ఆ మాట తలుచుకుని ఎంతోకాలం బాధపడ్డాడు. గుడ్డ విప్పిన రోజు నాయనమ్మ నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "మస్తు ఎదిగినవే," అంది.

నేను పెద్దయ్యాక టీచరునయ్యాను. ఎక్కువ ఏళ్లు అడవి పల్లెల బళ్లలోనే పనిచేశాను. క్లాసులోకి వెళ్లగానే నా చూపు ముందు ఖాళీగా ఉన్న చోట్ల మీద పడేది. వచ్చిన పిల్లలు ఎట్లాగూ వచ్చారు. రాని పిల్ల ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి సాయంత్రం వాళ్ల ఇంటి దాకా నడిచేదాన్ని. అది ఎవరూ చెప్పిన పని కాదు. ఆ ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడ్డ రోజు నుంచి వచ్చిన అలవాటు.

ఇప్పుడు ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలో ఉంటున్నాను. గుమ్మం ముందుకే ఆటో వస్తుంది. ఈమధ్య ఖమ్మం బస్టాండులో సర్వే చేస్తున్న ఒక అమ్మాయి ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడం, బస్సు సౌకర్యం ఎట్లుంది? ఐదుకు ఎన్ని మార్కులిస్తరు?" అని అడిగింది.

"నాకు మంచిగనే ఉందమ్మా. ఈడిదాక రాగలిగిన గద," అన్నాను.

ఆ అమ్మాయి ఫోను మీద వేలు ఆపి నా వైపు చూసింది. "మరి రాలేనోళ్లు ఏడ దొరుకుతరు మేడం?" అంది.

తెలివైన పిల్ల. నేను పనిచేసిన గూడేల పేర్లు, ఒక్కొక్కదానికీ తోవ, ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాను.