నా సర్వరులో బావకు చోటు లేదు

మొన్న ఆయుధపూజనాడు మా కోడలు స్కూటరుకీ మిక్సీకీ బొట్లు పెట్టి, పసుపునీళ్ళ చెంబుతో నా గదివైపు వచ్చి, గుమ్మం దగ్గర నా మొహం చూసి వెనక్కి తిరిగిపోయింది. ఆ గదిలో నా సర్వరు ఉంది. సర్వరంటే పెద్దదేం కాదు, పాత కంప్యూటరొకటి కొని, దాన్లో హార్డ్‌డిస్కులు బిగించి, బంధువులందరి ఫోటోలూ వీడియోలూ దాచడానికి సొంతంగా కట్టుకున్నది. బిట్రగుంటలో ఏళ్ళతరబడి రైల్వే సిగ్నళ్ళు బాగుచేసి రిటైరైన చేతులు ఊరికే ఉండవు గదా.

మొదటిసారి కట్టినప్పుడు దాన్లో ఎక్కించింది ఎప్పుడో పోయిన మా అమ్మ పాడిన నాట్లపాటలు. ఉద్యోగం కొత్తల్లో టేపురికార్డరు కొని, వాకాడులో మా మడిగట్టున కూర్చుని, అమ్మ నాటు వేస్తూ పాట ఎత్తుకుంటే తక్కిన ఆడవాళ్ళు అందుకోవడం పట్టిన క్యాసెట్లవి. ఉప్పుగాలికి అవి బూజుపట్టి పోతుంటే, పాటలన్నీ సర్వరులోకి ఎక్కించి క్యాసెట్లు పారేసినాను. ఇంకో కాపీ ఉంచుకోవాలనే బుద్ధి అప్పటికి నాకు లేదు.

ఆ ఏడు ఆయుధపూజకి అక్కా బావా నెల్లూరు నుంచి వచ్చినారు. నేను స్నానానికి పోయినప్పుడు బావ, దీనికి మాత్రం పూజ వద్దా అని, తిరుగుతున్న మిషన్ మూత తీసి లోపలికంటా పసుపునీళ్ళు చల్లి, దాని మీదే టెంకాయ కొట్టినాడు. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మాడిన వాసన. డిస్కుల్ని చెన్నైలో చూపించినా లాభం లేకపోయింది. ఆరోజు నేను డిస్కులు ఊడదీసి తుడుస్తా ఉంటే, ఆయన కొబ్బరిముక్క నములుతూ, "పోతే పోయిందిలే బామ్మర్దీ, డబ్బానే గదా," అన్నాడు.

మా అమ్మ గొంతు ఆ మనిషికి డబ్బా!

మళ్ళీ సర్వరు కట్టినాను, ఈసారి ప్రతిదానికీ మూడు కాపీలు. అందరూ ఫోన్లు నిండినప్పుడల్లా నాకే పంపి, ఫోన్లు ఖాళీ చేసుకునేవాళ్ళు. నేను ఒక్కొక్క వీడియో తెరిచి, బావ కనబడిన ప్రతిదీ, బావ గొంతు వినబడిన ప్రతిదీ మూడుచోట్లా తుడిచేసినాను. పెళ్ళిళ్ళలో ఆయన వేళాకోళాలూ, మనవరాలికి చెప్పిన కథలూ, అన్నీ. తుడిచిన ప్రతిసారీ నా కడుపు చల్లబడింది. పైకి మాత్రం పండగకి బట్టలు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేసినాను. ఆయనకి తెలియనే లేదు.

ఈ వేసవిలో బావ పోయినాడు. పెద్దకర్మ అయినాక అక్క నా గదిలోకొచ్చి కూర్చుని, నీ దగ్గర భద్రంగా ఉంటాయని నా ఫోన్లో ఏవీ ఉంచుకోలేదని చెప్పి, "అబ్బయ్యా, మీ బావ గొంతు ఒక్కసారి వినిపించరా," అనింది.

ఆ డిస్కు మొరాయిస్తోంది, బాగుచేస్తానని అబద్ధమాడినాను.

మన చిన్నతనంలో కక్షలకి కొదవుండేదా? గట్టు తగాదాలతో ఏళ్ళకేళ్ళు మాటల్లేకపోయినా, నీళ్ళు వదలమని అడగాల్సొచ్చి ఏదో ఒకరోజు నోరు విప్పేవాళ్ళం, ఎదురుగా నిలబడి తిట్టుకునేవాళ్ళం, ఎవరు ఎవర్ని ఏం చేసినారో ఊరందరికీ తెలిసేది. నేను మాత్రం కుర్చీలో కూర్చుని, ఎవరికీ తెలియకుండా కక్ష తీర్చుకున్నాను. బావ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అక్క వారంవారం ఫోను చేసి డిస్కు బాగయిందా అని అడుగుతా ఉంది, నేను ఇంకా కాలేదంటా ఉన్నాను.