సిరా వైన్, ఉప్పు చేప

విశాఖ రైల్లో పరిచయమై, ఉక్కునగరం క్వార్టర్‌కు భోజనానికి పిలిచిన అప్పలరాజు వైన్‌లో ఉప్పు కలుపుకుని తాగాడని చెప్పి హైదరాబాద్‌లో చాలామందిని నవ్వించాను. అది అబద్ధం.

ఆ సాయంత్రం నేను పట్టుకెళ్లింది సిరా ద్రాక్షతో చేసిన రెడ్ వైన్, ఏడాది కూడా నిండనిది. "దీన్ని ఆస్వాదించడం తెలియాలి" అంటూ పెద్ద గుక్క వేశాను. మిరియాల ఘాటు, వెనకే నాలుక పిడచకట్టే వగరు. నా మొహం ముడుచుకుపోయింది.

"ఏటి బావా, ఆస్వాదిత్తన్నావా?" అన్నాడు అప్పలరాజు. తనూ కాస్త రుచి చూశాడు. "జీడిమావిడి పండులాగుంది. మా ఊల్లో దానికి ఉప్పద్దుకు తింతాం" అంటూ వేయించిన ఉప్పు చేప తెచ్చాడు. "ముందిది నవులు, అప్పుడు తాగు."

అలాగే చేశాను. వగరు తగ్గి పండు రుచి తేలింది. సీసా ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు.

నా కథ ఎవరి ద్వారానో విని మొన్న ఫోన్ చేశాడు. "నాను గళాసులో ఉప్పేసీసానంట కదా బావా?"

తాగడం తెలియనిది నాకేనని ఒప్పుకుని, తప్పయిందన్నాను.

"పర్లేదు గానీ, ఆ నవ్వినోలందర్నీ ఓపాలి ఒట్టుకొచ్చీ. ఆలకీ ఉప్పు చేప తినిపిద్దుం" అన్నాడు.