వదిన పాడిన ఆదివారాలు

మొన్న సింగపూర్‌లోని పాయా లేబర్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది సభలో ఒక చిన్నమ్మాయి జానపదం అందుకుంటే హాలంతా చప్పట్లు మోగాయి గానీ, ఒకప్పుడు ఆ పాటను కరీంనగర్ పల్లెల్లో ఇంటింటికీ చేర్చిన మా వదిన గుర్తొచ్చి నాకు మాత్రం చేతులు ఆడలేదు.

నాట్లేసే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న పాటలతో మొదలై, జాతర మైకుల్లో, బస్టాండు దుకాణాల్లో, పెళ్ళి పందిళ్ళలో ఎక్కడ చూసినా ఆమె క్యాసెట్టే వినిపించేంతగా ఎదిగిన మనిషి మా వదిన. ఆమె బొమ్మ ఉన్న క్యాసెట్టు అట్టను మా అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. కంప్యూటర్ చదివినవాళ్ళందరికీ విమానం టికెట్లు దొరుకుతున్న ఆ రోజుల్లో అన్నయ్యకు, వెనకే చెల్లెలినైన నాకు సింగపూర్‌లో ఉద్యోగాలు రావడంతో, చంకలో పిల్లవాణ్ణి వేసుకుని వదిన కూడా వచ్చేసి, పాసిర్ రిస్ ఫ్లాట్‌లో వంటింటి కిటికీ మూసుకుని కూనిరాగాలు తీసేది.

ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో ఆమె తోటకూర బేరమాడుతుంటే, షిప్‌యార్డులో పనిచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఆ గొంతు విని ఆగిపోయాడు.

"అక్కా, క్యాసెట్ల పాడే అక్కవు నువ్వేనా?"

ఆ సాయంత్రమే పక్కనున్న మైదానంలో ఆయన తోటివాళ్ళంతా చుట్టూ చేరితే, వదిన గడ్డిలో కూర్చుని పాడింది. అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతే. ఊళ్ళో వేదికలెక్కినప్పటికంటే అక్కడే ఆమె ముఖం వెలిగిపోయేది.

ఆ వెలుగు ఎంతోకాలం నిలవలేదు. గొంతులో గడ్డ ఉందనీ, కోసి తీస్తే ప్రాణం దక్కుతుంది గానీ పాట దక్కకపోవచ్చనీ డాక్టర్లు చెప్పినప్పుడు అన్నయ్య కూలబడిపోయాడు. ఆమే అతణ్ణి ఓదార్చింది.

"పాట పోతె పోనీ. పోరనికి తల్లుండాలె గద."

ఆపరేషన్‌కు ముందటి ఆదివారం కూడా ఎవరికీ ఏమీ చెప్పకుండా పాడి లేవబోతుంటే, ఇంకొక్కటి పాడమన్నారు. "వచ్చే ఐతారం పాడుతలే తమ్మీ," అని ఆమె నవ్వింది. నేను ముఖం తిప్పుకున్నాను.

డాక్టర్లు భయపడ్డట్టే, గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. కొన్ని నెలలకు తనే పట్టుబట్టి మైదానానికి వస్తే, సంగతి తెలిసిన ఆ మగవాళ్ళు, శ్రుతి తప్పుతున్నా, ఆమె పాటలే ఆమెకు పాడి వినిపించారు. ఆమె మోకాలి మీద తాళం వేస్తూ, తప్పినచోటల్లా వేలెత్తి సరిదిద్దింది. తిరుగు టాక్సీలో నా భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా చప్పుడు లేదు.

తన క్యాసెట్లు ఇంట్లో వినిపించనివ్వకుండానే ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆమె పోయాక, సెంగ్‌కాంగ్‌లో ఉంటున్న ఆమె కొడుకు ఇంట్లో నేను పాత క్యాసెట్టులోని పాటొకటి పెడితే, వాడు శ్రద్ధగా విని, సింగపూర్ యాసలో, "వాయిస్ చాలా బాగుంది లా, అత్తా. ఎవరు?" అన్నాడు.

చెప్పాను. వాడు మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు.

ఇప్పుడైతే పసిపిల్లల తొలిపలుకు నుంచీ అన్నీ ఫోన్లలో దాచుకుంటున్నాం. ఆ ఆదివారాల్లో మాలో ఒక్కరికీ దాచుకోవాలన్న ఊహే రాలేదు. మనిషి ఎదురుగా ఉంది కదా, వచ్చే వారం మళ్ళీ పాడుతుంది కదా అనుకునేవాళ్ళం.